ఎరవు తెచ్చిన గొడ్డలి

వాక్యభాగము: 2 రాజులు 6:1-7



ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడి కాలేజీ సీట్ల కౌన్సెలింగు జరుగు దినములలో, మా మందిరపు వసారాలో సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత ఇద్దరు ముగ్గురు తండ్రులు ఇంటికి పోక నిలిచిపోవుచుందురు. వారి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండును. దానిలో మార్కుల జాబితా, ఆదాయ పత్రము, ఆధార్ కార్డు నకలు ఉండును. వారు నోటితో ప్రార్థన కోరుదురు గాని, వారి కన్నులు వేరొక ప్రశ్న అడుగుచుండును. సీటు వచ్చినది, డబ్బు ఎట్లు?

గత సంవత్సరము ఆ విధముగానే ఒక సహోదరుడు నిలిచెను. ఆయనకు అర ఎకరము పొలము, మిగిలినది కూలి. కుమార్తెకు బి.యస్సీ. నర్సింగులో కన్వీనరు కోటాలో సీటు వచ్చినది. ఆయన ఇట్లనెను: "ఫీజు గవర్నమెంటు కడుతుందంట అయ్యగారూ. హాస్టలుకి, పుస్తకాలకి, బట్టలకి లక్ష దాకా కావాలి. మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నానండి."

"బ్యాంకులో అడిగి చూశారా?" అని మేము అంటిమి.

"బ్యాంకు అప్పంటే భయమండి. అన్ని కాగితాలు, అన్ని సంతకాలు. రేపు కట్టలేకపోతే నోటీసు ఇంటికొస్తుంది. ఊళ్లో పరువేం కావాలండి?"

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నూటికి నెలకు మూడు రూపాయలనగా లక్షకు నెలకు మూడు వేలు, ఏటికి 36,000. నాలుగేండ్ల చదువు, ఆ పైన ఉద్యోగము వెదకుకొను ఒక యేడు, వెరసి అయిదేండ్లకు వడ్డీ మాత్రమే 1,80,000 రూపాయలు. అసలు అట్లే యుండును. అదే లక్షకు బ్యాంకు ఏటికి నూటికి పది చొప్పున వేసినదనుకొందము. అయిదేండ్లకు వడ్డీ 50,000. మన సహోదరుడు వెలుగులో ఇచ్చు అప్పునకు సిగ్గుపడుచున్నాడు, చీకటిలో మ్రింగు అప్పునకు సిగ్గుపడుట లేదు. ఇది ఆయన ఒక్కని సంగతి కాదు. మన పల్లెలలో అనేకుల సంగతి ఇదియే. కాబట్టి ఈ నెల మనము ఎలీషా దినములలోని ఒక బీద విద్యార్థి చరిత్రను ధ్యానింతము.

ప్రవక్తల శిష్యులు ఎలీషాయొద్ద నివసించు స్థలము ఇరుకైపోయెను. వారు యొర్దాను నది యొద్దకు పోయి, మనిషికి ఒక మ్రాను కొట్టి, తమకు నివాసము కట్టుకొందుమని సెలవడిగిరి. మన మాటలలో చెప్పవలెనన్న, అది విద్యార్థుల వసతిగృహపు పని. వారిలో ఒకడు మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీట పడెను. అతడు తన గురువు వైపు తిరిగి మొఱ్ఱపెట్టెను. గొడ్డలి పోయెనని మాత్రము కాదు, అది ఎరవు తెచ్చినదని మొఱ్ఱపెట్టెను. ఎలీషా అది పడిన చోటు ఎక్కడో అడిగి, కొమ్మ ఒకటి నరికి అక్కడ వేయగా ఇనుము తేలెను. దానిని తీసికొమ్మని గురువు చెప్పగా అతడు చెయ్యి చాపి తీసికొనెను. ఏడు వచనముల ఈ చిన్న చరిత్రలో నేటి విద్యార్థికిని, అతని తల్లిదండ్రులకును, సంఘమునకును నాలుగు పాఠములు గలవు.

మొదటిది: మంచి పనికై ఎరవు తెచ్చుట సిగ్గు కాదు.

ఆ శిష్యునికి స్వంత గొడ్డలి లేదు. అయినను నాకు లేదు గనుక నేను రాలేనని అతడు వెనుకదీయలేదు. ఎరవు తెచ్చుకొని తోటివారితో సమానముగా మ్రాను కొట్టెను. అతనిని ఎలీషా గద్దించినట్లు వ్రాయబడలేదు. ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దని పౌలు రోమా 13:8లో చెప్పెను గదా అని కొందరు అడుగుదురు. నిజమే. అయితే అప్పు తీర్పక ఎగవేయువాని గూర్చియే కీర్తన 37:21 దుష్టుడని చెప్పుచున్నది. తీర్చు మనస్సుతోను, తీర్చగల లెక్కతోను తీసికొనిన అప్పు ఆ వాక్యము క్రిందకు రాదని మేము నమ్ముచున్నాము.

అయితే ఏది సహాయమో, ఏది అప్పో ముందు ఎరుగవలెను. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు అప్పు కావు. వాటిని తిరిగి చెల్లింప నక్కరలేదు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి పైచదువులకు ఇచ్చు స్కాలర్‌షిప్పు 1944లోనే ఆరంభమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతమున ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించిన తరువాత కూలివారి పిల్లలు వేలకొలది ఇంజనీరింగు, నర్సింగు, డిగ్రీ తరగతులలో కూర్చుండగలిగిరి. నేడును రెండు తెలుగు రాష్ట్రములలో పథకముల పేర్లు మారినను ఆ సహాయము నిలిచియున్నది. ఇది సాధారణముగా కన్వీనరు కోటా సీటుకే గాని యాజమాన్య కోటా సీటుకు వర్తింపదు. ఈ ఒక్క మాట తెలియక సీటు తీసికొని, తరువాత పొలము అమ్మిన కుటుంబమును మేము ఎరుగుదుము.

ఆ సహాయము చాలనప్పుడు బ్యాంకు విద్యారుణము ఉన్నది. బ్యాంకులు అనుసరించు మాదిరి పథకములో నాలుగు లక్షల వరకు ఏ ఆస్తియు కుదువ పెట్ట నక్కరలేదు, మూడవ మనుష్యుని పూచీయు అక్కరలేదు. తండ్రియైనను తల్లియైనను విద్యార్థితో కూడ సంతకము చేసిన చాలును. ఫీజునకే గాక హాస్టలు, పుస్తకములు, కంప్యూటరు మొదలగువాటికిని అప్పు దొరకును. చదువు కాలమును, అటు తరువాత ఒక సంవత్సరమును గడిచిన మీదట వాయిదాలు ఆరంభమగును. తీర్చుటకు పదునైదేండ్ల వరకు గడువు ఉండును. 2009 నుండి కేంద్ర ప్రభుత్వము, కుటుంబ ఆదాయము ఏటికి నాలుగున్నర లక్షలు మించనివారికి, గుర్తింపు పొందిన సంస్థలలో సాంకేతిక, వృత్తి విద్యలు చదువు కాలపు వడ్డీని తానే భరించుచున్నది. 2015 ఆగస్టులో తెరచిన విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము పీఎం విద్యాలక్ష్మి అను మరియొక పథకమును ఆమోదించినది. అది ఎంపికచేసిన విద్యాసంస్థలలో చేరినవారికి మాత్రమే. నియమములు అప్పుడప్పుడు మారుచుండును గనుక చేరుటకు ముందే బ్యాంకులో అడిగి తెలిసికొనుడి.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు లూకా 14:28లో బోధించెను. అప్పు దొరకును గనుక ఏ కాలేజీయైనను, ఏ కోర్సైనను చేరవచ్చునని తలంపవద్దు. ఆ కాలేజీలో చదివి వెళ్లినవారు నేడు ఏమి చేయుచున్నారో ఇద్దరినైనను అడుగుడి. మొదటి జీతములో వాయిదా ఎంత పోవునో కాగితము మీద వేసి చూడుడి. విదేశ చదువుల మోజుతో ఉన్న ఇల్లును, చేనును కుదువ పెట్టువారు ఈ లెక్క రెండుసార్లు వేయవలెను.

రెండవది: ఎరవు తెచ్చినవాడు సత్యము చెప్పి తెచ్చెను.

ఆ శిష్యుడు గొడ్డలి ఎవరిదో ఎరిగియుండెను, అది తనది కాదని అందరి యెదుట ఒప్పుకొనెను. అబద్ధము చెప్పి తెచ్చినది ఎరవు కాదు, దొంగసొత్తు. ప్రభుత్వ సహాయమునకు దరఖాస్తు వ్రాయునప్పుడు మనలను అడుగు ప్రశ్నలు కొన్ని ఉన్నవి. నీ ఆదాయమెంత? నీ కులమేది? నీ మతమేది? ఇక్కడనే మన విశ్వాసము పరీక్షింపబడుచున్నది.

ఈ సంగతి వ్రాయుటకు మా చెయ్యి వణకుచున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేమే బాప్తిస్మమిచ్చిన ఒక కుర్రవాడు వచ్చి, "అయ్యగారూ, నా సర్టిఫికెట్టులో హిందూ అని ఉంది. అదే పెట్టనా, నిజం రాయనా?" అని అడిగెను. మేము సూటిగా జవాబు చెప్పక, "ప్రార్థన చేసుకో నాయనా" అని పంపివేసితిమి. అది ప్రార్థన పేరు పెట్టిన పిరికితనము. దానికై దేవుని యెదుటను, ఆ బిడ్డ యెదుటను మేము పశ్చాత్తాపపడితిమి.

సంగతి యేమనగా, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులములలో చేర్చినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ ద్వారము తెరువబడెను; క్రైస్తవులకు తెరువబడలేదు. మన రాష్ట్రములలో షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారును వారి సంతతియు బీసీ-సీ వర్గములో నున్నారు. ఆ వర్గమునకు రిజర్వేషను ఒక్క శాతము మాత్రమే. ఈ ఏర్పాటు న్యాయము కాదని మన పెద్దలు అనేకులు తలంచుచున్నారు, మేమును అట్లే తలంచుచున్నాము. బాప్తిస్మము పొందినంత మాత్రమున ఊరు మనలను వేరుగా చూడలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ నిబంధన తీసివేయవలెనని సిఫారసు చేసెను. 2022 అక్టోబరులో ఇదే సంగతి పరిశీలించుటకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడెను.

న్యాయము కొరకు వినతిపత్రము పెట్టుదము, కోర్టులో అడుగుదము, ఓటుతో అడుగుదము. కాని బల్లయొద్ద రొట్టె తీసికొనిన చేతితో ఆ ప్రభువును ఎరుగనని సంతకము చేయవద్దు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసమును అనుసరించుచు రిజర్వేషను ప్రయోజనము కొరకు మాత్రమే హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయే అని తీర్పు చెప్పినది. న్యాయస్థానము మనకు ఈ మాట చెప్పవలసి వచ్చుట విచారకరము; దానిని పులిపీఠము ముందే చెప్పవలసియుండెను. నిజము వ్రాసిన బిడ్డకు ద్వారములన్నియు మూయబడవు. బీసీ-సీ విద్యార్థికిని ఫీజు సహాయము కలదు, విద్యారుణమునకు కులముతో పనియే లేదు. నిజము వ్రాయుట వలన నష్టము కలుగదని మేము చెప్పుట లేదు. ఆ నష్టమును ఆ బిడ్డ ఒంటరిగా మోయకుండ చూచుట సంఘము బాధ్యతయని చెప్పుచున్నాము. వేరొక విధముగా వ్రాసిన పొరుగువానికి తీర్పు తీర్చుట మన పని కాదు. ఆకలియు భయమును ఎరిగిన దేవుడు వానినిని ఎరుగును.

మూడవది: గొడ్డలి నీట పడినప్పుడు అతడు దాచలేదు.

కొన్ని సంవత్సరములు ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు సొమ్ము విద్యార్థి తల్లి ఖాతాలో పడుచుండెను. ఆమె దానిని కాలేజీకి చెల్లింపవలెను. మన సంఘములోని ఒక తల్లి ఒక వాయిదా సొమ్మును చిన్న కుమార్తె ఓణీల వేడుకకు ఖర్చుపెట్టెను. రెండు నెలలలో సర్దవచ్చుననుకొనెను. సర్దలేకపోయెను. పరీక్షల వేళ కాలేజీవారు హాల్ టిక్కెట్టు ఆపిరి. అప్పటివరకు ఆమె భర్తకును చెప్పలేదు, మాకును చెప్పలేదు. తుదకు ఏడ్చుచు వచ్చి ఒప్పుకొనినప్పుడు, స్త్రీల సమాజమువారు తలా కొంచెము వేసి ఆ ఫీజు కట్టిరి. ఆమె కూలిడబ్బులలో నుండి నెలనెల తీర్చి, పది నెలలలో పూర్తిచేసెను. దాచిన ఆ రెండు నెలలే ఆమెను ఎక్కువ బాధించినవని ఆమెయే మాతో చెప్పెను.

తప్పు ఎల్లప్పుడు మన వైపుననే ఉండదు. ప్రభుత్వము సొమ్ము ఆలస్యము చేయుటయు కలదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కొరకే కొన్ని దినములు మూతపడినవి. అట్టి వేళ బిడ్డ సర్టిఫికెట్లు ఆగిపోయినవని తండ్రులు మాయొద్దకు వచ్చుచుందురు. విద్యార్థి అసలు సర్టిఫికెట్లను సంస్థలు తమయొద్ద ఉంచుకొనరాదని యూజీసీ 2018లోనే ప్రకటించినది. ఇది ఎరిగి, మర్యాదతోను ధైర్యముతోను అడుగుడి. అడుగుట అవిశ్వాసము కాదు. ఆ శిష్యుడును అడిగియే పొందెను.

అప్పు తీసికొని ఉద్యోగము దొరకని యౌవనులారా, మీతో ఒక మాట. బ్యాంకు నుండి ఫోను వచ్చినప్పుడు ఎత్తక దాగుకొనవద్దు. మీరు దాగినను మీతో సంతకము చేసిన తండ్రి దాగలేడు. చెల్లింపని వాయిదా మీ పేరున నమోదై, రేపు ఇంటి అప్పునకు అడ్డమగును. ఉద్యోగము లేని కాలమునకు గడువు పొడిగింపు అడుగుటకు మాదిరి పథకములోనే ఏర్పాటు ఉన్నది. మేనేజరు గారియొద్దకు మీరే ముందు పోయి పరిస్థితి చెప్పుడి. గొడ్డలి ఎక్కడ పడినదని ఎలీషా అడిగినప్పుడు ఆ శిష్యుడు చోటు చూపెను. చోటు చూపనివానికి సహాయము చేయుట కష్టము.

నాలుగవది: గురువు కొమ్మ వేసెను, శిష్యుడు చెయ్యి చాపెను.

ఎలీషా నీకు నాకు ఏమని పోలేదు. సంఘమును పోకూడదు. మన సంఘములలో చదివి ఉద్యోగములు చేయుచున్నవారు ఉన్నారు. వేసవిలో రెండు ఆదివారములు ఆరాధన తరువాత మందిరములో ఒక బల్ల వేసి కూర్చుండి, పిల్లల దరఖాస్తులు నింపలేరా? ఆధార్‌లో ఒక విధముగాను, పదవ తరగతి పత్రములో మరియొక విధముగాను ఉన్న పేర్లు ముందే సరిచేయింపలేరా? చదువు రాని తండ్రి వెంట బ్యాంకుకు పోయి ప్రక్కన నిలువలేరా? దీనికి వెండి బంగారములు అక్కరలేదు. ఒక కొమ్మ చాలును.

అయినను ఇనుము తేలిన తరువాత దానిని ఎలీషా తీసి చేతికీయలేదు. శిష్యుడే చెయ్యి చాపి తీసికొనెను. ఎరవిచ్చినవానికి మరల అప్పగించు పని అతనిదే. 2 రాజులు 4వ అధ్యాయములోని విధవరాలి సంగతి చూడుడి. ఆమె భర్తయు ప్రవక్తల శిష్యులలో ఒకడే. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవచ్చెను. దేవుడు నూనె విస్తరింపజేసిన తరువాత ఎలీషా చెప్పిన వరుస గమనించుడి: ముందు అప్పు తీర్చుట, తరువాత మిగిలిన దానితో బ్రదుకుట. మొదటి జీతము రాగానే క్రొత్త ఫోను, మోటారు సైకిలు, వాయిదా తరువాత అను వరుస లోకపు వరుస. మనము తీర్చిన ప్రతి వాయిదాయు, రేపు అదే బ్యాంకు గుమ్మమెక్కు మరియొక బీద బిడ్డకు సాక్ష్యపత్రము వంటిది. మనము ఎగవేసినయెడల ఆ గుమ్మము వానికి ఇరుకగును.

ఆరంభమున చెప్పిన సహోదరుని సంగతి ముగింతము. మేము ఆయనతో కూడ బ్యాంకుకు పోతిమి. మొదటిసారి ఇంటిపేరు తేడా ఉన్నదని, రెండవసారి కాలేజీ నుండి ఫీజుల పత్రము కావలెనని త్రిప్పి పంపిరి. ఆయన, "చూశారా అయ్యగారూ, షావుకారైతే ఒక్క మాటతో ఇచ్చేవాడు" అనెను. మూడవసారి అప్పు మంజూరైనది. సంతకము చేయునప్పుడు ఆయన కుమార్తె ప్రతి కాగితమును చదివి, తండ్రికి అర్థము చెప్పి, అటు తరువాత పేరు వ్రాసెను. నేడు ఆ అమ్మాయి రెండవ సంవత్సరము చదువుచున్నది. అప్పు ఇంకను ఉన్నది. గొడ్డలి ఆమె చేతిలో ఉన్నది, మ్రాను ఇంకను పడలేదు. ఆమె కొరకు ప్రార్థించుడి. ఆమె వంటి బిడ్డ మీ వీధిలో ఎవరో వెదకి, వారి పేరు పెట్టి ప్రార్థించుడి. ప్రార్థించి లేచిన తరువాత వారి ఇంటికి పోవుడి.

ప్రార్థన: కృపగల తండ్రీ, మా బిడ్డలకు చదువు దయచేయుము. వారి చేతిలోని కాగితములలో సత్యమును, వారి మనస్సులో ధైర్యమును, అప్పు తీర్చు నమ్మకత్వమును ఉంచుము. అధికారులకు న్యాయబుద్ధి నిమ్ము. మా సంఘమును చెయ్యి అందించు సంఘముగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.